బఠానీలో వైవిధ్యం కొలవడమంటే అసలేం కొలుస్తున్నట్టు?

విత్తనాల గదిలో వంద సంచులున్నాయనుకోండి. వంద పేర్లు, వంద నంబర్లు, అన్నీ బఠానీలే. వాటిలో నిజంగా ఎన్ని రకాలున్నాయి అంటే, జవాబు వంద అయ్యే అవకాశం చాలా తక్కువ. ఒకే రకాన్ని రెండు ఊళ్లలో రెండు పేర్లతో సేకరించి ఉండొచ్చు. ఒకే పేరున్న రెండు సంచుల్లో వేరువేరు విత్తనాలు ఉండొచ్చు (ఇది మీరనుకునేదానికన్నా మామూలుగా జరిగేదే). పైకి ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా కనిపించే రెండు మొక్కల మధ్య అసలు తేడా ఒక్క జన్యువే కావచ్చు కూడా. మెండెల్ పాఠంలో అందరం చదువుకున్న పొట్టి మొక్క, పొడుగు మొక్క సంగతే తీసుకోండి. గిబ్బరెల్లిన్ అనే హార్మోన్ తయారీలో చివరి మెట్టు దగ్గర పనిచేసే ఒక ఎంజైమ్ ఉంది, దాని జన్యువులో ఒక్క అక్షరం మారింది, మొక్క పొట్టిదైపోయింది. పక్కపక్కన పెట్టి చూస్తే వేరే జాతులేమో అనిపించే ఆ రెండింటికీ మిగతా జన్యువులన్నీ ఒకటే అయినా ఆశ్చర్యం లేదు. ఇంకోపక్క ఒకే ఎత్తు, ఒకే ఆకు, ఒకే తెల్ల పువ్వు ఉన్న రెండు రకాలు డీఎన్ఏలో ఎంతో దూరంగా ఉండొచ్చు.

కొత్త వంగడం తయారుచేసేవాళ్లకి తేడానే పెట్టుబడి. అన్నీ ఒకేలా ఉన్నచోట ఎంపిక చేయడానికి ఏమీ ఉండదు. అందుకే దేశంలో ఏ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వెళ్లినా, ఏదో ఒక పంటలో జన్యు వైవిధ్య అధ్యయనం అంటూ ఒక థీసిస్ అల్మారాలో కనిపిస్తుంది. బఠానీ మీద ఇవి కొల్లలు. చిక్కేమిటంటే, తేడా ఉందని చూపించడం చాలా తేలిక. ముప్ఫై రకాలు వేసి ఏది కొలిచినా తేడా కనిపిస్తుంది. ఆ తేడా మట్టీ నీళ్లూ తెచ్చిందా, విత్తనం తెచ్చిందా. విత్తనం తెచ్చిందైతే పిల్ల మొక్కలకి దిగుతుందా. దిగినా మనకి పనికొచ్చేదేనా? కష్టమంతా ఇక్కడుంది, ఎక్కువ థీసిస్‌లు ఈ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

మొగ్గలోనే పని అయిపోయే పంట

బఠానీలో వైవిధ్యం ఎలా ఉంటుందో అర్థం కావాలంటే ముందు దాని పువ్వు సంగతి తెలియాలి. పువ్వు విచ్చుకోకముందే, ఇంకా మొగ్గగా ఉండగానే, లోపల పుప్పొడి రాలి అదే పువ్వులోని కీలాగ్రం మీద పడిపోతుంది. తేనెటీగ వచ్చేసరికి అక్కడ చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. తరాల తరబడి ఇలా తనతో తనే కలుస్తూ పోవడం వల్ల ఒక రకంలోని మొక్కలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. మెండెల్ బఠానీని ఎంచుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఆయన విత్తన వర్తకుల దగ్గర 34 రకాలు తెప్పించుకుని, రెండేళ్లు పెంచి, ఏవి నిలకడగా ఉన్నాయో చూసి, 22 రకాలు ఉంచుకున్నాడు. ఆ తర్వాతే 1856 నుంచి 1863 దాకా, సుమారు 28 వేల మొక్కలతో, ప్రపంచానికి తెలిసిన ఆ ప్రయోగాలు. నిష్పత్తుల గొడవలో మనం మర్చిపోతాం గానీ, బ్రనో మఠం తోటలో ఆయన మొట్టమొదట చేసింది వైవిధ్యం అంచనానే.

దీనివల్ల వచ్చే లెక్క ఒకటుంది. సంకర విత్తనం కాని మామూలు మొక్కజొన్నలో ఒక చేను లోపలే బోలెడు తేడా ఉంటుంది. బఠానీలో తేడా అంతా రకానికీ రకానికీ మధ్యే, రకం లోపల దాదాపు సున్నా. అయితే పాత నాటు రకాల్లో ఈ లెక్క కుదరదు. రైతులు తరతరాలుగా దాచుకున్న విత్తనం చాలాసార్లు నాలుగైదు శుద్ధ వరుసల (అంటే లోపల తేడా లేని మొక్కల వంశాల) కలగలుపు. ఆ సంచిలోంచి ఒక్క మొక్క ఆకు కోసి డీఎన్ఏ తీసి 'ఇదీ ఈ నాటు రకం' అని రాసేస్తే మిగతా మూడు నాలుగు వరుసలు లెక్కలోంచి జారిపోయినట్టే. ఒక్కో సంచి నుంచి ఎన్ని మొక్కలు తీసుకున్నారు అన్నది, ఏ పరిశోధనా పత్రంలోనైనా నేను ముందు వెతికే వాక్యం.

సొంత పుప్పొడితో కాయ కట్టే పువ్వుని సంకరం చేయడం చేతిపని. రేకల రంగు ఇంకా పూర్తిగా తేలని, రేపో ఎల్లుండో విచ్చుకునే మొగ్గని సాయంత్రం పూట ఎంచుకుంటారు. ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని, సన్నటి ఫోర్సెప్స్‌తో పై రేకలు పక్కకి జరిపి, పడవలా ముడుచుకున్న లోపలి రేకలని చీలుస్తారు. లోపల పది కేసరాలుంటాయి. తొమ్మిది కాడల దగ్గర అతుక్కుపోయి ఉంటాయి, పదోది విడిగా ఉంటుంది. పదీ తీసేయాలి, కీలానికి గీటు పడకూడదు. ఒక్క పుప్పొడి తిత్తి పగిలినా, ఒక్కటి లోపల మిగిలినా సంకరం కాయ బదులు మామూలు కాయ కడుతుంది, ఆ సంగతి తర్వాతి తరంలో గానీ బయటపడదు. మర్నాడు పొద్దున్నే తండ్రి మొక్క పువ్వు నుంచి పుప్పొడి తెచ్చి అద్ది, చీటీ కట్టాలి. ఇంతా చేస్తే కాయకి ఐదారు గింజలు. వంద రకాలని జంటలు జంటలుగా కలపాలంటే 4,950 సంకరాలు. ఎవరూ చేయలేరు. ఏ పదో పదిహేనో జంటలు మాత్రమే చేయగలం కాబట్టే, ఏ రెండింటిని కలపాలో ముందే తెలియాలి. వైవిధ్యాన్ని కొలిచే తంటా అంతా అందుకే.

మన పచ్చి బఠానీల మేనరికాలు

శీతాకాలంలో మన రైతు బజార్లకి వచ్చే పచ్చి బఠానీ చాలావరకు ఉత్తరాది సరుకు. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, పంజాబ్, హిమాచల్‌లలో పండుతుంది. దశాబ్దాల పాటు ఆ చేలల్లో ఏలింది అర్కెల్. యూరప్ నుంచి వచ్చిన రకం: పొట్టి మొక్క, తొందరగా కోతకొస్తుంది, కాయ నిండుగా ఉంటుంది, గింజ ఎండితే ముడతలు పడుతుంది. దానికి తోడు అమెరికా నుంచి వచ్చిన బొన్నెవిల్, కొంచెం ఆలస్యపు రకం. మన దగ్గర తయారైన వంగడాల వంశవృక్షాలు తిరగేస్తే ఇవీ, ఇలాంటి మరికొన్ని విదేశీ రకాలూ మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. వారణాసి కూరగాయల పరిశోధన సంస్థ విడుదల చేసిన కాశీ ఉదయ్‌కి ఒక తల్లిదండ్రి అర్కెల్. జబల్‌పూర్ నుంచి వచ్చిన జవహర్ మటర్ 3, జవహర్ మటర్ 4 రెండింటికీ ఒకవైపు టీ-19, రెండోవైపు ఒకదానికి అర్లీ బ్యాడ్జర్, ఇంకోదానికి లిటిల్ మార్వెల్. అంటే ఆ రెండూ సగం తోబుట్టువులు. ఇందులో తప్పేమీ లేదు, మంచి రకం ఉంటే దాన్నే వాడతారు కదా. కానీ అందరూ అదే పని చేస్తే కొన్నాళ్లకి సంబంధాలన్నీ మేనరికాలవుతాయి. పేర్లు కొత్తవే, రక్తం ఒకటే. కొత్త తెగులో, కొత్త ఎండో వచ్చినప్పుడు తట్టుకునే లక్షణం ఆ కుటుంబంలో ఎవరికీ లేకపోతే, ఎంతమందిని కలిపినా రాదు.

తోట బఠానీకీ, మనం గుగ్గిళ్లకీ చాట్‌కీ వాడే ఎండు బఠానీకీ మధ్య కూడా ఇలాంటి గోడే ఉంది. జాతి ఒకటే, పైసమ్ సటైవమ్. కానీ పెంపకందార్లు వీటిని రెండు శిబిరాలుగా ఉంచేశారు. తోట బఠానీలో ముడతల గింజ కావాలి. పిండి పదార్థం కొమ్మలు వేసేలా చేసే ఒక ఎంజైమ్ జన్యువులో సుమారు 800 అక్షరాల అదనపు ముక్క దూరింది, అది పనిచేయడం మానేసింది, పిండిగా మారాల్సిన చక్కెర గింజలో మిగిలిపోయింది. నీళ్లు ఎక్కువ పట్టిన గింజ ఎండేటప్పుడు ముడుచుకుపోతుంది. తీపికి కారణం అదే, ముడతకి కారణం అదే. ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్స్ సెంటర్ 1990లో ఈ విషయం తేల్చింది. అదే ముడతల గింజ చల్లటి తడి నేలలో నున్నటి గింజకన్నా తేలిగ్గా కుళ్లుతుంది. ఎండు బఠానీ వైపు తెగులు తట్టుకునే గుణాలున్నాయి, కానీ అటు నుంచి ఒక్కటి తెచ్చుకోబోతే దాంతోపాటు పిండి రుచి, గట్టి తొక్క కూడా వెంట వస్తాయి. వాటిని వదిలించుకోవడానికి ఏళ్లు పడుతుంది.

పొలంలో కొలత

అన్నిటికన్నా పాత పద్ధతి, ఇప్పటికీ తప్పనిసరి పద్ధతి, రకాలని పొలంలో వేసి కొలవడం. సగం మొక్కలు పూతకి రావడానికి ఎన్ని రోజులు, మొదటి పువ్వు కింద నుంచి ఎన్నో కణుపు దగ్గర వచ్చింది, మొక్కకి ఎన్ని కాయలు, కాయ పొడవు, కాయలో గింజలు, వంద గింజల బరువు, కాయ ఒలిస్తే ఎంత శాతం గింజ దక్కింది, తీపి. ఒక్కో రకాన్ని అదే పొలంలో మూడు మడుల్లో వేసి, ఒక్కో మడిలో ఐదో పదో మొక్కలు కొలిచి సగటు తీస్తారు.

అంకెలతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. లెక్క కోసం అనుకుందాం, మొక్కకి సగటున 20 కాయలున్నాయి. రకాల మధ్య కనిపించే మొత్తం చెదురు, అంటే వేరియన్స్, 25. అందులో విత్తనం వల్ల వచ్చింది 16, మిగతా 9 మట్టి, నీళ్లు, ఎలుకలు, కొలిచేవాడి చెయ్యి. 16ని 25తో భాగిస్తే 0.64, అంటే అనువంశికత (మొత్తం తేడాలో విత్తనం వాటా) 64 శాతం. పైనున్న 5 శాతం మొక్కలని ఎంచుకుంటే దానికి లెక్కల్లో వాడే అంకె 2.06. 25 వర్గమూలం 5. కాబట్టి 2.06 × 5 × 0.64, సుమారు 6.6. అంటే తర్వాతి తరంలో మొక్కకి ఆరున్నర కాయలు పెరుగుతాయని కాగితం మీద ఆశ పెట్టుకోవచ్చు. ఇరవైకి ఆరున్నర, అంటే మూడో వంతు, చాలా పెద్ద లాభం.

నిజంగా వస్తుందా? సాధారణంగా అంత రాదు, దానికి కారణం కూడా ఆ లెక్కలోనే ఉంది. ఒక్క చోట, ఒక్క సీజన్ మాత్రమే వేసిన ప్రయోగంలో 'ఈ రకం మంచిది', 'ఈ రకానికి ఈ ఏడాది ఈ పొలం పడింది' అనే రెండు విషయాలనీ విడదీసే దారి లేదు. రెండూ కలిసి ఆ 16లో కూర్చుంటాయి. అందుకే ఒక్క సీజన్ థీసిస్‌లలో అనువంశికత 90 శాతం, 95 శాతం అని ఘనంగా కనిపిస్తుంది. వేరే జిల్లాలో, వేరే ఏడాది వేసి చూస్తే ఆ అంకె కిందకి దిగుతుంది. లక్షణాల్లో కూడా తేడాలున్నాయి. పూతకి పట్టే రోజులు చలిని బట్టి ముందుకీ వెనక్కీ జరుగుతాయి గానీ, మొదటి పువ్వు వచ్చే కణుపు సంఖ్య అంతగా జరగదు. మొక్కకి కాయల సంఖ్య మాత్రం ఎరువు, నీరు, వరుసల దూరం, ఏది మారినా మారిపోతుంది. ఏ లక్షణాన్ని నమ్మాలో, దేన్ని సందేహించాలో తెలియకుండా అన్నిటినీ ఒకే పట్టికలో కలిపేస్తే ఉపయోగం లేదు.

ఇంకో ఉచ్చు బూడిద తెగులు. ఆకుల మీద విభూతి చల్లినట్టు తెల్లగా వస్తుంది కదా, అదే. ఉత్తరాదిలో ఇది సీజన్ చివర్లో, పగళ్లు వేడెక్కి పొడిగా మారాక విజృంభిస్తుంది. రకాలన్నీ అక్టోబర్‌లో విత్తి తెగులు లెక్కపెట్టారనుకోండి, తొందరగా కోతకొచ్చే రకాలన్నీ శుభ్రంగా కనిపిస్తాయి. తట్టుకున్నాయని కాదు, తెగులు వచ్చేసరికి వాటి పని అయిపోయింది. రైతుకి అదీ లాభమే, కానీ సంకరానికి తండ్రిగా వాడుకునేవాళ్లకి సున్నా. అందుకే తెగులు పరీక్షకి కావాలని ఆలస్యంగా విత్తుతారు, మధ్యమధ్యలో తెగులుకి తేలిగ్గా లొంగే రకం వరుసలు వేస్తారు. ఆ వరుసలు తెల్లబడ్డాయా లేదా అన్నది చెప్పని ప్రయోగంలో 'నిరోధక రకాలు' అన్న జాబితాకి విలువ లేదు.

దూరం లెక్క, దానిలో మనవాడి చెయ్యి

ఎనిమిది లక్షణాలు కొలిచాం. రెండు రకాల మధ్య మొత్తంగా దూరం ఎంత? ఒక్కో లక్షణంలో తేడా తీసి కలిపేస్తే సరిపోదు. పొడుగు కాయలో గింజలెక్కువ ఉంటాయి కాబట్టి కాయ పొడవు, గింజల సంఖ్య రెండూ కలిపితే ఒకే తేడాని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. ఈ చిక్కుకి కోల్‌కతాలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ మందు కనిపెట్టారు. మనుషుల శరీర కొలతలతో జనసమూహాల మధ్య దూరం తేల్చే పనిలో ఉండగా, ఒకదానితో ఒకటి ముడిపడ్డ కొలతల్లో ఆ ముడిని తీసేసి దూరం లెక్కించే పద్ధతి తయారుచేశారు. 1936లో దానికి పూర్తి రూపం ఇచ్చారు. డీ-స్క్వేర్ అని పిలిచేది దాన్నే. ఆ దూరాల పట్టికని చూసి ఏ రకాలు ఏ గుంపులోకి వస్తాయో విడదీయడానికి మన దగ్గర అందరూ వాడేది టాకర్ పద్ధతి. దాన్ని 1952లో తన పుస్తకంలో రాసి పెట్టింది సి.ఆర్. రావు గారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, మహలనోబిస్ సంస్థలో చేరిన తెలుగాయన. ఎలాంటి పంట మీద డీ-స్క్వేర్ చేసినా ఆ పట్టికల వెనక ఆయన పేరుంది, చేసేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ.

పద్ధతి గట్టిది. దాన్ని వాడే తీరుతోనే నాకు పేచీ. పత్రాల చివర్లో దాదాపు ఒకే మాట ఉంటుంది: ఫలానా గుంపుకీ ఫలానా గుంపుకీ దూరం ఎక్కువ కాబట్టి వాటిని సంకరం చేస్తే మంచి ఫలితాలొస్తాయి. దూరం ఎక్కువైతే పిల్లల్లో చెదురు ఎక్కువ వస్తుంది, అంతవరకు నిజం. కానీ దూరంగా ఉన్న రకం ఎందుకు దూరంగా ఉంది? చాలాసార్లు కాయ చిన్నది, పూత ఆలస్యం, మొక్క గుబురు. చెడ్డలో దూరం కూడా దూరమే. దానికితోడు ఒక్క లక్షణమే దూరాన్నంతా లాగేయొచ్చు. వంద గింజల బరువే మొత్తం దూరంలో సగానికి పైగా మోస్తుంటే, అది వైవిధ్యం పట్టిక అవునో కాదో గానీ గింజ సైజు పట్టిక అయితే ఖాయం.

డీఎన్ఏ చెప్పేది, చెప్పనిది

పొలం కొలతల్లో మట్టి జోక్యం ఎక్కువ కాబట్టి నేరుగా డీఎన్ఏనే చూద్దాం అన్నది తర్వాతి మెట్టు. రకాలని గుర్తుపట్టడానికి డీఎన్ఏలో వాడే ఆనవాళ్లని మార్కర్లు అంటారు. మొదట్లో వచ్చిన ఆర్ఏపీడీ (RAPD) మార్కర్లు చవక, కానీ ఒక ల్యాబ్‌లో వచ్చిన గీతలు ఇంకో ల్యాబ్‌లో రావడం గ్యారంటీ లేదు. తర్వాత ఎస్ఎస్ఆర్‌లు: డీఎన్ఏలో రెండు మూడు అక్షరాలు అదేపనిగా మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు, ఎన్నిసార్లు వచ్చిందన్నది రకానికొకలా ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా ఎస్ఎన్‌పీలు, అంటే ఒక్క అక్షరం తేడాలు, ఒకేసారి వేలల్లో చదువుతారు.

కొలత మాత్రం సులువైనదే. ఒక చోట రెండు రూపాలున్నాయనుకోండి, రకాల్లో సగానికి ఒకటి, సగానికి ఇంకోటి. యాదృచ్ఛికంగా రెండు రకాలు తీస్తే అవి వేరుగా ఉండే అవకాశం 0.5. అదే 90 శాతానికి ఒకటి, 10 శాతానికి ఇంకోటి అయితే ఆ అవకాశం 0.18. వేల చోట్ల ఇలా లెక్కేసి సగటు తీస్తే జన్యు వైవిధ్యం సూచీ వచ్చేస్తుంది. ఇక్కడ జాగ్రత్త పడాల్సిందొకటి ఉంది. ఎస్ఎన్‌పీకి రెండే రూపాలు కాబట్టి ఆ అంకె 0.5 దాటదు. ఎస్ఎస్ఆర్‌కి పదేసి రూపాలుంటాయి కాబట్టి 0.8 కూడా దాటొచ్చు. ఒక పత్రంలో 0.7, ఇంకో పత్రంలో 0.3 అని చూసి మొదటిదాంట్లో వైవిధ్యం రెట్టింపు అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

బఠానీలో ఇంకో తలనొప్పి దాని జన్యురాశి, అంటే మొత్తం డీఎన్ఏ, సైజు. సుమారు 445 కోట్ల అక్షరాలు. వరికన్నా పది రెట్లకి పైన, మనిషికన్నా కూడా పెద్దది, ఏడు జతల క్రోమోజోముల్లో సర్దుకుని ఉంటుంది. అందులో ఎక్కువ భాగం మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలే. ఈ కారణంగానే వరి జన్యురాశి చదివేసిన చాలా ఏళ్లకి గానీ, 2019లో గానీ, బఠానీకి సరైన నమూనా జన్యురాశి రాలేదు. కామియోర్ అనే ఫ్రెంచ్ రకానిది. 2022లో ఒక చైనా రకానిది వచ్చింది. 2025లో జాన్ ఇన్స్ సెంటర్, చైనా శాస్త్రవేత్తలు కలిసి దాదాపు 700 రకాల బఠానీల డీఎన్ఏ చదివి, మెండెల్ ఏడు లక్షణాల్లో అప్పటిదాకా తేలని మూడింటికీ, అంటే కాయ రంగు, కాయ ఆకారం, పువ్వులు వచ్చే చోటు, కారణమైన జన్యువులని పట్టుకున్నారు. నూట అరవై ఏళ్ల బాకీ. వంగడాలు తయారుచేసేవాళ్లకి మాత్రం అందులో ఎక్కువ విలువైనది, ఆ 700 రకాల డీఎన్ఏకి పొలంలో కొలిచిన లక్షణాలు జతచేసి పెట్టడం.

ఎందుకంటే డీఎన్ఏ సూచీ ఒంటరిగా చెప్పేది చాలా తక్కువ. మార్కర్లలో చాలావరకు ఏ పనీ చేయని చోట్లలో ఉంటాయి. అవి బంధుత్వం చెబుతాయి, ఏ సంచులు నకళ్లో చెబుతాయి, సేకరణ ఎక్కడ ఇరుగ్గా ఉందో చెబుతాయి. తెగులు తట్టుకుంటుందా, ఎండకి పూత నిలుస్తుందా అన్నది చెప్పవు. డెండ్రోగ్రామ్‌లో, అంటే రకాల బంధుత్వాన్ని చూపే చెట్టు బొమ్మలో, పక్కపక్కనే ఉన్న రెండు రకాల్లో ఒకదానికి తెగులు వచ్చి ఇంకోదానికి రాకపోవచ్చు, వాటి మధ్య తేడా ఒక్క జన్యువే కాబట్టి.

ఒక్క జన్యువు కథ

బూడిద తెగులు నిరోధకతనే చూద్దాం. హార్లాండ్ అనే శాస్త్రవేత్త 1948లో పెరూ దేశపు బఠానీల్లో ఈ తెగులు అసలు సోకని గుణాన్ని గుర్తించి, అది ఎలా సంక్రమిస్తుందో రాశాడు. దానికి ఈఆర్1 అని పేరు. ప్రపంచమంతా వాడుకుంటున్న నిరోధకత ఎక్కువగా ఇదే. 2011లో దాని గుట్టు బయటపడింది: అది తెగులుతో పోరాడే జన్యువేమీ కాదు. ఎంఎల్ఓ అనే మామూలు ప్రోటీన్ చెడిపోయిన రూపం. ఆకు కణంలోకి దూరడానికి శిలీంధ్రానికి ఆ ప్రోటీన్ కావాలి. అది లేకపోతే బయటే ఆగిపోతుంది. బార్లీలో కూడా సరిగ్గా ఇదే పద్ధతిని అంతకుముందే దశాబ్దాలుగా వాడుతున్నారు.

చెడిపోయిన రూపం కాబట్టి ఇది అంతర్గతం. రెండు కాపీలూ చెడితేనే మొక్క తట్టుకుంటుంది, ఒక్కటి బాగున్నా తెగులు వస్తుంది. అంటే అర్కెల్‌తో సంకరం చేసిన మొదటి తరమంతా తెల్లబడుతుంది. మళ్లీ అర్కెల్‌తోనే వెనక్కి సంకరం చేస్తూ పోతే, ప్రతి తరంలోనూ ఆ జన్యువు సగం మొక్కల్లో దాక్కుని ఉంటుంది, చూపుకి ఆనదు. పాత రోజుల్లో ప్రతిసారీ ఒక తరం సొంత పుప్పొడితో కాయ కట్టించి, ఆ పిల్లల్లో ఏ నాలుగో వంతు శుభ్రంగా ఉన్నాయో చూసి ముందుకెళ్లేవాళ్లు. ఇప్పుడు జన్యువు ఏదో తెలుసు కాబట్టి మొలక దశలోనే చిటికెడు ఆకుతో తేలిపోతుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వంగడం అర్క అజిత్ లాంటివి బూడిద తెగులుతో పాటు తుప్పు తెగులుని కూడా తట్టుకునేలా వచ్చాయి.

ఇక్కడే కొంచెం టెన్షన్ పెట్టే విషయం ఉంది. అందరి రక్షణా ఒకే తాళం మీద ఆధారపడితే? ఈఆర్2 అని రెండోది ఉంది గానీ అది వాతావరణాన్ని బట్టి పనిచేస్తుంది, అంత నమ్మకం లేదు. మూడోది ఈఆర్3 తోట బఠానీలో దొరకలేదు. దాని బంధువు, పైసమ్ ఫుల్వమ్ అనే అడవి జాతిలో దొరికింది. గింజలో దూరే పుచ్చు పురుగుని తట్టుకునే గుణం కూడా ఆ అడవి జాతిలోనే ఉంది. చూస్తే ఎవరూ సంకరానికి ఎంచుకోని మొక్క: సన్నటి తీగ, చిన్న కాయ, పండగానే పగిలి గింజలు చెల్లాచెదురు. డీ-స్క్వేర్ పట్టికలో వేస్తే చివరి గుంపులో ఒంటరిగా కూర్చుంటుంది. దాంతో చేసిన సంకరాలు అంత తేలిగ్గా నిలవవు, నిలిచినా ఆ పగిలే కాయని వదిలించుకోవడానికి తరాలు పడుతుంది. అయినా కావాల్సింది అక్కడే ఉంది.

అందుకే జన్యు బ్యాంకులు. ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో, సెయింట్ పీటర్స్‌బర్గ్ వావిలోవ్ సంస్థ, జాన్ ఇన్స్ సెంటర్, అమెరికాలో పుల్‌మన్ సేకరణ. బ్యూరోకి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. వేలకొద్దీ సంచులన్నీ పొలంలో వేయడం కుదరదు కాబట్టి, మొత్తం వైవిధ్యంలో ఎక్కువ భాగం వచ్చేలా పదో వంతు ఏరి 'కోర్ సేకరణ' చేస్తారు. మంచి ఏర్పాటే. కాకపోతే అరుదైన గుణం వేలల్లో ఒక్క సంచిలోనే ఉంటే ఆ పదో వంతులో అది దొరక్కపోవచ్చు. కోర్‌లో వెతికి లేదనిపించుకుంటే మళ్లీ పెద్ద గుట్ట దగ్గరికి వెళ్లాల్సిందే.

మన దగ్గరికొస్తే, తెలుగు నేల మీద బఠానీకి పెద్ద అడ్డం ఎండ. 13 నుంచి 18 డిగ్రీల మధ్య హాయిగా పెరిగే పంట ఇది. పూత సమయంలో 30 దాటితే పువ్వులు రాలతాయి, కాయలో గింజ కట్టదు. మైదానాల్లో దానికి సరిపడే చలి కొద్ది వారాలే. అలాంటి చోట వేసే రకం కావాలంటే వారణాసిలో అక్టోబర్ విత్తనంతో వచ్చిన ర్యాంకులు పనికిరావు. అదే వంద రకాలని కావాలని ఆలస్యంగా విత్తి, పూత ఫిబ్రవరి చివరి ఎండలో పడేలా చేసి, ఎన్ని పువ్వులొచ్చాయి, వాటిలో ఎన్ని కాయలయ్యాయి, కాయకి ఎన్ని గింజలు నిండాయి అని రోజూ పొద్దున్నే వంగి లెక్కపెట్టాలి. అలా రెండు మూడు సీజన్లు, కనీసం రెండు చోట్ల. మామూలు సీజన్‌లో దిగుబడి పట్టికలో అట్టడుగున ఉన్న నాటు రకం ఆ పొలంలో పైకి రావొచ్చు, దాన్ని అప్పుడు తీసుకెళ్లి మంచి కాయ ఉండి తొందరగా కోతకొచ్చే రకంతో కలపొచ్చు.